బొగ్గు బావి మీది ఊళ్లో భూమి అదురును కొలవడం ఎలా

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్పూర్, లాల్‌పేట్, దుర్గాపూర్, మాజ్రీ చుట్టుపక్కల బస్తీల్లో ఇల్లు అదిరితే మూడు మాటలు వినిపిస్తాయి. పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అని ఒకరు, కింద బాయిలో, అంటే భూగర్భ గనిలో కప్పు కూలిందని ఇంకొకరు, భూకంపమని మరొకరు. 1993 సెప్టెంబర్ 30 నాటి కిల్లారి భూకంపాన్ని మహారాష్ట్రలో ఎవరూ మరిచిపోలేదు కాబట్టి మూడో మాటకు భయం త్వరగా అంటుకుంటుంది. నిజానికి ఈ మూడూ పరికరం మీద మూడు రకాలుగా పడతాయి. అదురును రికార్డు చేసే ఆరు చిన్న స్టేషన్లు, ఒక డైరీ, ఓపికగా చూసే ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే ఏది ఏదో తేల్చవచ్చు. ఊరి యువకులు, పాలిటెక్నిక్ విద్యార్థులు, గనిలో సర్వే పని తెలిసినవారు కలిసి చేయగల పని ఇది.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదంతా భూమి పైన పెట్టే పరికరాల గురించే. మీ సొంత పరికరాన్ని, బ్యాటరీని, ఫోన్‌ను బాయిలోకి ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్లకండి. మీథేన్ వాయువు ఉండే చోట డీజీఎంఎస్ (గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ) ఆమోదించిన, నిప్పురవ్వ పుట్టించని పరికరాలే వాడాలి. కింద కప్పును కనిపెట్టడానికి గనిలో కప్పు జారుడును చూపే టెల్‌టేల్‌లు, కప్పు బరువును కొలిచే లోడ్ సెల్‌లు, కప్పూ నేలా దగ్గరవడాన్ని (కన్వర్జెన్స్) కొలిచే రాడ్లు ఉంటాయి. మనుషులను బయటికి పంపాలా వద్దా అన్నది వాటిని చూసే ఓవర్‌మ్యాన్ (గనిలో పనిని పర్యవేక్షించే అధికారి), స్ట్రాటా కంట్రోల్ (రాతి పొరలను కనిపెట్టే) సిబ్బంది నిర్ణయం. పైన మీరు పెట్టే స్టేషన్లు దానికి బదులు కావు.

అదురు ఎక్కడిది

ఈ బాయిల్లో ఎక్కువగా బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి నడుస్తుంది. ముందు గ్యాలరీలు (సొరంగ దారులు) తోలి పిల్లర్లు (బొగ్గు స్తంభాలు) వదులుతారు, తర్వాత డిపిల్లరింగ్‌లో ఆ పిల్లర్లను కోసుకుంటూ వెనక్కి వస్తారు. బొగ్గు తీసేసిన ఖాళీ గోఫ్. వార్ధా లోయలో బొగ్గున్న బరాకర్ పొరల పైన కాంఠీ ఇసుకరాయి ఉంటుంది. కప్పులో మందమైన గట్టి ఇసుకరాయి ఉన్నచోట అది వెంటనే విరగదు. గోఫ్ పెరుగుతున్నా వేలాడుతూనే ఉండి, ఒక హద్దు దాటాక పెద్ద విస్తీర్ణంలో ఒక్కసారిగా కూలుతుంది. దాన్నే మెయిన్ ఫాల్ అంటారు. కింద గాలి దెబ్బ కొట్టేదీ, పైన ఇళ్లు అదిరేదీ అప్పుడే. బొగ్గు తీసే ఒక్కో విడి భాగాన్ని ప్యానెల్ అంటారు. ఖాళీని ఇసుకతో నింపే ప్యానెల్‌లో ఇంత పెద్ద కూలుడు సాధారణంగా ఉండదు. కనుక మీ ఊరి కింద నడిచేది కేవింగా (కప్పును కూలనివ్వడం), స్టోయింగా (ఇసుక నింపడం) అన్నది మొదట కనుక్కోండి. దానితోపాటు ప్యానెల్ హద్దులు, లోతు, డిపిల్లరింగ్ మొదలైన తేదీ కావాలి. గని యాజమాన్యంతో కలిసి చేస్తే ఇవి తేలికగా దొరుకుతాయి. గొడవతో మొదలుపెడితే ఏదీ దొరకదు.

స్టేషన్లు ఎక్కడ, ఎన్ని

అదురు పుట్టిన చోటుకు అక్షాంశం, రేఖాంశం, లోతు, దానికి తోడు సమయం, ఇలా తెలియనివి నాలుగు. కనీసం నాలుగు స్టేషన్లలో తరంగం చేరిన సమయం ఉంటేనే లెక్క తేలుతుంది. ఒకటి చెడిపోయినా పని ఆగకూడదంటే ఆరు పెట్టాలి. బొగ్గు పొర లోతు ముందే తెలుసు కాబట్టి లెక్కలో లోతును అక్కడే బిగించేయండి. తక్కువ లోతులో పుట్టే అదురుకు లోతు పట్టడం పైనున్న పరికరాలతో చాలా కష్టం, ఈ ఒక్క పనితో సగం గందరగోళం పోతుంది.

ప్యానెల్ నెత్తిన స్టేషన్ పెట్టకండి. ఆ నేల కుంగుతుంది, పగుళ్లు వేస్తుంది. లోతు 150 మీటర్లయితే ప్యానెల్ అంచు నుంచి 150–200 మీటర్ల దూరంలో మొదటి స్టేషన్, మిగతావి 500 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల లోపు నాలుగు దిక్కులా ఉండాలి. అన్నీ ఊరివైపే పెట్టి నది వైపు వదిలేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. వార్ధా ఒడ్డు వైపు ఖాళీ ఉంటే, లెక్కలో అదురు స్థానం అటో ఇటో జారిపోతుంది.

కాజీపేట–బల్హార్షా లైను మీద గూడ్సు బండ్లు ఆగవు. పట్టాలకు ఎంత దూరం పోగలిగితే అంత మంచిది. పిండిగిర్ని, బోరు మోటారు, గని ఫ్యాన్ హౌస్, పెద్ద చెట్టు, ఇవన్నీ తప్పించుకోవాల్సినవే. చెట్టు గాలికి ఊగితే వేర్లు నేలను కదుపుతాయి. స్థలం ఖాయం చేసే ముందు పరికరాన్ని అక్కడ ఒక రోజంతా ఉంచి రికార్డు చూడండి. 1440 చుట్లు తిరిగే మోటారు 24 హెర్ట్జ్ దగ్గర సన్నటి గీతలా కనిపిస్తుంది. అది ఎప్పుడో ఒకసారి వస్తే ఫిల్టర్‌తో తీసేయవచ్చు. 24 గంటలూ ఉంటే చోటు మార్చండి.

పరికరం

4.5 హెర్ట్జ్ జియోఫోన్‌తో (నేల కదలికను పట్టే సెన్సర్), సెకనుకు 100 శాంపిళ్లు (కొలతలు) తీసే రాస్ప్‌బెర్రీ షేక్ అనే చిన్న రికార్డర్ లాంటిది ఈ పనికి సరిపోతుంది. ఆరింటిలో నాలుగు నిలువు దిశ మాత్రమే కొలిచేవి ఉన్నా ఫర్వాలేదు. కనీసం రెండు మాత్రం మూడు దిశల్లో కొలిచేవి ఉండాలి, ఎందుకంటే ముందొచ్చే పీ తరంగం వెనక వచ్చే ఎస్ తరంగం నిలువు దిశలో స్పష్టంగా పడదు. 100 శాంపిళ్లంటే 50 హెర్ట్జ్ దాటినదేదీ కనిపించదు. కప్పు కూలుడు, పెద్ద బండ విరుగుడు బాగానే దొరుకుతాయి. చిన్న చిన్న చిటపటలను 200 మీటర్ల దగ్గర్లో పట్టాలంటే సెకనుకు 500 నుంచి 1000 శాంపిళ్ల రికార్డర్ కావాలి.

గడియారం మీద డబ్బు ఆదా చేయకండి. మొబైల్ నెట్ ద్వారా సమయం తీసుకుంటే మన ఊళ్ల సిగ్నల్‌కు 0.05 సెకను తేడా మామూలే. రాతిలో తరంగం సెకనుకు 3 కిలోమీటర్లు పోతే ఆ తేడా 150 మీటర్లు, అంటే అదురు పక్క ప్యానెల్‌లో పుట్టినట్టు చూపిస్తుంది. సెకనుకొక పల్స్ ఇచ్చే జీపీఎస్ ప్రతి స్టేషన్‌కూ పెట్టండి, దాని యాంటెనాకు పైన ఆకాశం కనిపించాలి. రేకుల షెడ్డు కింద పెడితే ఉత్తదే.

బయటికి తీసుకెళ్లే ముందు ఆరు పరికరాలనూ ఒకే గచ్చు మీద పక్కపక్కన పెట్టి ఒక రాత్రి నడపండి. పొద్దున ఆరింటికీ కాస్త దూరంగా సుత్తితో ఒక దెబ్బ వేయండి. ఆరింటిలోనూ ఆ దెబ్బ ఒకే సమయానికి, ఒకే దిశలో, దాదాపు ఒకే ఎత్తులో పడాలి. ఒక శాంపిల్, అంటే 0.01 సెకను కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ గడియారంలో లోపం ఉంది. ఒకదానిలో మొదటి కదలిక పైకీ మిగతావాటిలో కిందికీ ఉంటే తీగలు తారుమారయ్యాయి. ఈ పరీక్ష చేయని స్టేషన్ల లెక్క ఎవరి ముందు పెట్టినా నిలవదు.

గుంత, దిమ్మె

ఈ ప్రాంతంలో అసలు చిక్కు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు మీటరు లోతు దాకా బీటలు వారుతుంది. దాని మీద పెట్టిన దిమ్మె జూన్‌లో ఒక వైపు, ఏప్రిల్‌లో ఇంకో వైపు ఒరుగుతుంది, కదలికలను కూడా ఉన్నదానికంటే పెద్దవిగా చూపిస్తుంది. కాబట్టి మూడడుగుల చదరంలో గుంత తవ్వి, నల్లమట్టి పూర్తిగా పోయి మొరం గానీ రాయి గానీ తగిలేదాకా దిగండి. అడుగున రెండడుగుల చదరంలో అడుగు మందం కాంక్రీటు దిమ్మె పోయండి. 1:2:4 పాళ్లలో కలిపితే ఒక బస్తా సిమెంటు చాలు, కొంచెం మిగులుతుంది కూడా. లోపల ఇనుప చువ్వలు వద్దు, దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి. దిమ్మెకూ గుంత గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి, మట్టి ఉబ్బినా దిమ్మెను నెట్టకూడదు. ఏడు రోజులు నీళ్లు పెట్టాకే పరికరం దించండి.

నీటి బుడగ మధ్యలోకి వచ్చేలా సమం చేసి, బాణం గుర్తు ఉత్తరానికి తిప్పండి. మన దగ్గర దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, సవరణ అక్కర్లేదు. గుంత చుట్టూ అరడుగు ఎత్తు గట్టు కట్టి, ప్లాస్టిక్ డ్రమ్ము మూత బిగించి, పైన మట్టి కప్పండి. గట్టు లేకపోతే మొదటి భారీ వానకే పరికరం మునుగుతుంది.

చంద్రపూర్ మే నెల ఎండ 47 డిగ్రీలు దాటుతుంది. రేకు డబ్బాలో పెట్టిన కంప్యూటర్ బోర్డు ఆ వేడికి దానంతటదే ఆగిపోవచ్చు. డబ్బాకు తెల్లరంగు వేసి, గాలి ఆడే సందులు ఉంచి, ఆ డబ్బాను సోలార్ ప్యానెల్ కింది నీడలోనే బిగించండి.

కరెంటు లెక్క ఇది. పరికరం, 4జీ రూటర్ కలిపి సుమారు 7 వాట్లు తింటాయి. రోజుకు 168 వాట్‌అవర్లు, అంటే 12 వోల్టుల మీద 14 ఏహెచ్. మూడు రోజులు ఎండ లేకపోయినా నడవాలంటే, బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుండా, 84 ఏహెచ్ కావాలి, బజారులో దొరికేది 100 ఏహెచ్. వానాకాలపు ఎండకు 100 వాట్ల సోలార్ ప్యానెల్ కంటే తక్కువ పెట్టకండి. 5 వోల్టులకు తగ్గించే చవక మాడ్యూళ్లు లోడు పడగానే 4.7కు జారతాయి, బోర్డు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. సన్నటి యూఎస్‌బీ వైరు వాడినా అదే తంటా. మీటరు పెట్టి, నడుస్తుండగానే చూసి, 5.1 దగ్గర ఉంచండి. చార్జ్ కంట్రోలర్‌ను జియోఫోన్ తీగకు దూరంగా బిగించండి, లేదంటే దాని రొద రికార్డులో ముళ్లలా పడుతుంది. పిడుగుల కోసం ఎర్తింగ్ గుంత, సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి.

డైరీ

పరికరం ఎంత మంచిదైనా, కింద ఏం జరిగిందో రాసిపెట్టే మనిషి లేకపోతే గీతలు గీతలుగానే మిగులుతాయి. సాస్తీ, గౌరీ, పౌనీ లాంటి ఓపెన్ కాస్ట్‌లు దగ్గరుంటే రోజూ బ్లాస్టింగ్ సమయం రాయండి. బాయిలో కప్పు కూలిన సమయం, షాట్ (బొగ్గు పేల్చే మందు) కొట్టిన సమయం గని నుంచి తెలిస్తే రాయండి. ఇల్లు అదిరిందని ఎవరైనా చెబితే ఏ ఇల్లు, ఎన్ని గంటలకు, శబ్దం ముందా అదురు ముందా అని అడిగి రాయండి.

ఒక చిన్న విషయం చాలామందిని తికమక పెడుతుంది. పరికరం ప్రపంచ సమయంలో రాస్తుంది, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. డైరీలో రాత్రి 2 గంటలకు అదిరిందని ఉంటే, రికార్డులో ముందు రోజు తేదీ కింద 20:30 దగ్గర వెతకాలి. తేదీ కూడా మారుతుందన్నది మరిచిపోయి, ఏమీ పడలేదని వదిలేసినవి ఎన్నో.

గీతలను చదవడం

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. స్వార్మ్ అనే ఉచిత ప్రోగ్రాం చూడటానికి, పైథాన్ తెలిసినవారికి ఆబ్స్‌పై లెక్కలకు చాలు. ముందు 2 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ వేసి చూడండి.

ఓపెన్ కాస్ట్ బ్లాస్టింగ్ పగటి వెలుగులోనే ఉంటుంది. మొదటి కదలిక అన్ని స్టేషన్లలోనూ పైకే ఉంటుంది, ఎందుకంటే పేలుడు అన్ని వైపులకూ నెడుతుంది. దీన్ని ఖాయం చేసే గుర్తు గాలి శబ్దం. అది సెకనుకు సుమారు 350 మీటర్లే పోతుంది, కాబట్టి 2 కిలోమీటర్ల దూరంలో నేల అదురు వచ్చిన 5 సెకన్లకు పైగా ఆగి, గీత మీద ఇంకో చిన్న గుబ్బ పడుతుంది. కిటికీ అద్దాలు గలగలమనేది చాలాసార్లు ఈ రెండో దెబ్బకే. ఇంట్లోవాళ్లు ‘రెండుసార్లు వచ్చింది’ అంటే కొట్టిపారేయకండి, అది పనికొచ్చే సాక్ష్యం.

కప్పు కూలుడు దీనికి తలకిందులు. నేల లోపలికి లాగబడుతుంది కాబట్టి మొదటి కదలిక ఎక్కువసార్లు అన్ని స్టేషన్లలోనూ కిందికే ఉంటుంది. మొదలు పదునుగా ఉండదు, మెల్లగా లేచి, తక్కువ ఫ్రీక్వెన్సీలో కొన్ని సెకన్ల పాటు సాగుతుంది. దానికి ముందు గట్టి బండ విరిగిన పదునైన చిన్న దెబ్బలు కొన్ని ఉండవచ్చు. రాత్రి, పగలు అన్న తేడా ఉండదు. నడిరాత్రి వచ్చిన గట్టి అదురు ఓపెన్ కాస్ట్ బ్లాస్టింగ్ మాత్రం కాదు.

అసలు భూకంపానికి గుర్తు పీ, ఎస్ తరంగాల మధ్య ఎడం. 2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినది చంద్రపూర్, గడ్చిరోలిలో కూడా తెలిసింది. బల్లార్పూర్‌కు అది సుమారు 180 కిలోమీటర్లు, అంత దూరానికి పీ వచ్చిన 20 సెకన్లు దాటాక ఎస్ వస్తుంది. బాయి అదురుకు ఆ ఎడం సెకనులోపే. అనుమానం ఉంటే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ జాబితాతో పోల్చండి. రైలు అయితే కదురులా మెల్లగా ఉబ్బి మెల్లగా సన్నబడుతుంది, దానికి మొదలు, తుది స్పష్టంగా దొరకవు.

చోటు పట్టడం

ఒక్క స్టేషన్‌తో దూరం చెప్పాలంటే పీ, ఎస్ మధ్య సెకన్లను ఒక సంఖ్యతో గుణించాలి. పీ వేగం 3.0, ఎస్ వేగం 1.7 కిలోమీటర్లనుకుంటే ఆ సంఖ్య 3.0 × 1.7 ÷ 1.3, అంటే సుమారు 3.9. ఎడం 0.4 సెకను ఉంటే దూరం సుమారు 1.6 కిలోమీటర్లు. ఇది అందాజా మాత్రమే.

సరైన వేగం మీ నేలకు మీరే కట్టుకోవాలి. ఓపెన్ కాస్ట్ వాళ్లు బ్లాస్టింగ్ చోటు జీపీఎస్ అంకెలు ఇస్తే అంతకంటే మంచి కొలమానం లేదు. నాలుగైదు బ్లాస్టింగ్‌లకు పీ సమయాలు తీసుకొని, దూరాన్ని అడ్డంగా, సమయాన్ని నిలువుగా గ్రాఫ్ మీద పెట్టి గీత గీయండి, ఆ గీత వాలు నుంచి వేగం వస్తుంది. ఒక స్టేషన్ ప్రతిసారీ 0.03 సెకను ఆలస్యంగా వస్తుంటే దాని కింద మెత్తటి మట్టి మందంగా ఉందన్న మాట. ఆ అంకెను ఆ స్టేషన్ సవరణగా రాసిపెట్టి, ప్రతి లెక్కలోనూ దాని సమయం నుంచి తీసేయండి. ఆ తర్వాత ఒక బ్లాస్టింగ్‌ను అసలు చోటు తెలియనట్టే లెక్కగట్టి చూడండి. వచ్చిన తప్పెంతో అదే మీ పద్ధతి నాణ్యత. 300 మీటర్ల తప్పు వస్తుంటే ‘ఫలానా ప్యానెల్’ అని చెప్పే హక్కు ఇంకా రాలేదు.

తీవ్రత అంకె ఇవ్వాలన్న తొందర వద్దు. రిక్టర్ లెక్క పదుల, వందల కిలోమీటర్ల దూరంలోని భూకంపాలకు కట్టింది. కిలోమీటరు దూరంలోని కప్పు కూలుడుకు దాన్ని అంటగడితే ఒక్కో స్టేషన్ ఒక్కో అంకె చెబుతుంది. అదే స్టేషన్‌లో నిన్నటికంటే ఎన్ని రెట్లు, నేల గరిష్ఠ వేగం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవే చెప్పండి.

రోజుకు ఎన్ని దెబ్బలు పడ్డాయో ఒక కాగితం మీద గీస్తూ, కింద డిపిల్లరింగ్ ఎంత ముందుకు పోయిందో కలపండి. కొన్ని ప్యానెల్‌లలో మెయిన్ ఫాల్‌కు ముందు చిన్న దెబ్బలు పెరుగుతాయి, కొన్నింటిలో ఏ సూచనా ఉండదు. పెరుగుదల కనిపిస్తే గని మేనేజరుకూ సేఫ్టీ ఆఫీసరుకూ వెంటనే ఫోన్ చేయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కింద పనిచేసే మనిషి ఇంటివాళ్లు ఆ గ్రూపులోనే ఉంటారు.

ఇల్లు బీటలిస్తే

డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం, గనికి చెందని మామూలు ఇళ్ల దగ్గర బ్లాస్టింగ్ అదురు 8 హెర్ట్జ్ లోపు అయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, 25 పైన 15 మించకూడదు. అవి బ్లాస్టింగ్‌కు పెట్టిన హద్దులు, కప్పు కూలుడుకు అవే చట్టం కావు, కానీ పోల్చడానికి పనికొస్తాయి. ఈ కొలత ఇంటి పునాది పక్కన నేల మీద, మూడు దిశల్లో కొలిచే బ్లాస్టింగ్ రికార్డర్‌తో తీసుకోవాలి. పొలంలోని మీ స్టేషన్ అంకె ఇంటి అంకె కాదు.

బీటకూ అదురుకూ ముడిపెట్టే ముందు నల్లరేగడిని లెక్కలోకి తీసుకోండి. బీటకు అడ్డంగా రెండు చోట్ల సన్నటి గాజు పలకను ప్లాస్టర్‌తో అతికించి తేదీ రాయండి, పక్కనే రెండు మేకులు కొట్టి వాటి మధ్య దూరాన్ని వారానికోసారి వెర్నియర్‌తో కొలవండి. ఎండాకాలంలో తెరుచుకొని వానాకాలంలో మూసుకుంటే అది మట్టి పని. గాజు ఒకే రోజు పగిలి, ఆ సమయానికి రికార్డులో దెబ్బ ఉంటే అది వేరే సంగతి. బీటలు ఇంటింటికీ ఒకే వరుసలో, ప్యానెల్ అంచు వెంబడి సాగుతుంటే కుంగుడు మొదలైందని అర్థం, అప్పుడు గని సర్వే విభాగంతో లెవెల్ (నేల ఎత్తు కొలత) తీయించాలి.

ఫిర్యాదు మరాఠీలో రాయండి. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర పంచనామా, తహసీల్ కచేరీ నుంచి ఆవక్ నంబరు (అర్జీ అందినట్టు ఇచ్చేది), సాత్‌బారా ఉతారా (భూమి హక్కుల నకలు), గాజు పలక ఫొటోలు, డైరీ పేజీ నకలు జతచేసి, ఒక ప్రతి నాగపూర్‌లోని డీజీఎంఎస్ కార్యాలయానికి పంపండి. వాటితో గీతల బొమ్మలు కాకుండా పరికరం రాసిన మినీసీడ్ అసలు ఫైళ్లే ఇవ్వండి. ఒక్కో చానెల్‌కు రోజుకు 10–15 ఎంబీయే అవుతుంది, రెండు హార్డ్ డిస్కుల్లో వేర్వేరు ఇళ్లలో ఉంచండి. డిపిల్లరింగ్ ముగిసినా స్టేషన్లు వెంటనే పీకేయకండి. వదిలేసిన పాత పిల్లర్లు నీళ్లలో నాని, ఏళ్ల తర్వాత కూడా కూలుతాయి, కనీసం ప్యానెల్ అంచుకు దగ్గరున్న ఒక్క స్టేషనైనా నడుస్తూ ఉండాలి.